రోజూ నీళ్లెందుకప్పా?

ఆదోనిలో పూలమొక్క పెంచేవాడికి ఎండతోనే పేచీ అనుకుంటారు. జెరేనియం దగ్గర నా పేచీ రేగడితో వచ్చింది.

రెండేళ్ల కిందట కార్తీకంలో బెంగళూరు నుంచి రెండు ఎర్ర జెరేనియం మొక్కలు తెచ్చా. పత్తి పండే నేలను మించిన మట్టి ఉంటుందా అని పొలం నుంచి నల్లమన్ను తెప్పించి కుండీలు నింపా. తుంగభద్ర దిగువ కాలువ నీటికోసం ఎదురుచూసే ఊళ్లో, పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు! ఆకులు పసుపెక్కితే నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు. మూడు వారాలకు ఒక మొక్క మొదలు నల్లబడి, మెత్తబడి, ఒరిగిపోయింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా చిన్నత్త రెండోదాని మట్టిలో వేలు పెట్టి చూసింది. "రోజూ నీళ్లెందుకప్పా? ఇదేమన్నా వరిమడా?"

రేగడి వాన నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టే పత్తికి అంత మేలు. కుండీలో ఆ గుణమే వేరుకుళ్లు తెస్తుంది. జెరేనియం పుట్టిల్లు దక్షిణాఫ్రికా. కండపట్టిన కాండంలో నీళ్లు దాచుకుని ఎండకాలం గడుపుకొనే మొక్క అది. అసలు మనం కుండీల్లో పెంచేది పెలార్గోనియం. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని జెరేనియంతో కలిపేస్తే, 1789లో ఫ్రెంచివాడు లెరిటియే విడదీశాడు. నర్సరీలు మాత్రం పాత పేరుతోనే అమ్ముతాయి. వాళ్లను తప్పుపట్టను, పెలార్గోనియం అనడానికి మా వీధిలో ఎవరికి నోరు తిరుగుతుంది?

ఇప్పుడు ఎర్రమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుతున్నా. అడుగున చిల్లున్న మట్టికుండీ వాడుతున్నా. పైమన్ను వేలి గణుపు లోతుకు ఎండాకే నీళ్లు, అవీ మొదలు దగ్గరే. వాడిన గుత్తిని కాడతో సహా తుంచేస్తా. ఇంట్లో పెట్టుకునేవాళ్లు తూర్పు కిటికీ చూసుకోండి. చీకటి మూలనైతే కాడలు సాగుతాయి, పూలు రావు.

శివరాత్రి దాటాక నలభై డిగ్రీల ఎండకు పూత ఆగుతుంది. కంగారుపడి ఎరువు వేయకండి. నీడకు మార్చి నీళ్లు తగ్గించండి. అంతకుముందే, మాఘంలో, బెత్తెడు కొమ్మలు కోసి, కోత ఆరేదాకా ఒక పూట నీడన ఉంచి ఇసుకలో గుచ్చితే ముదురు మొక్క పోయినా దిగులుండదు.

మా మిద్దె మీది పదకొండు కుండీలూ ఆ రోజు బతికిన రెండో మొక్క కొమ్మలే. పన్నెండోది ఎమ్మిగనూరులో, చిన్నత్త మగ్గం పక్క కిటికీలో ఉంది. నాకంటే బాగా పూయిస్తోంది.