‘డార్క్ మ్యాటర్’: తెరపై కనబడని విజ్ఞానం

విజ్ఞానశాస్త్ర పరిశోధన కథావస్తువుగా గల చలనచిత్రాలు బహు స్వల్పం. అటువంటిది ఒకటి వచ్చినదంటే ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆశతో చూడడం సహజం. 2007లో అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో, విజ్ఞాన సంబంధమైన చిత్రాలకిచ్చే స్లోన్ బహుమతిని ‘డార్క్ మ్యాటర్’ పొందినది. చైనాలో పుట్టి, సంగీతరూపకాల ప్రదర్శనలో పేరుపొందిన చెన్ షి-జెంగ్ దీని దర్శకుడు. లియు యె, మెరిల్ స్ట్రీప్ వంటి సమర్థులు నటించినారు. అయినా చిత్రం నిరాశనే మిగిల్చినది.

లియు షింగ్ అనే చైనా యువకుడు విశ్వశాస్త్రంలో పరిశోధన చేయడానికి అమెరికా విశ్వవిద్యాలయానికి వస్తాడు. ఆచార్య రైజర్ మొదట అతనిని మెచ్చుకొంటాడు. శిష్యుని సొంత ఆలోచన గురువు ప్రతిపాదించిన విశ్వ నమూనాకు అడ్డు రాగానే ఆ మెప్పు కాస్తా పోతుంది, సిద్ధాంతవ్యాసం తిరస్కరింపబడుతుంది. గురువు అడుగుజాడలలో నడిచే మరొక చైనా విద్యార్థికి ఆదరణ లభిస్తుంది. షింగ్ మాత్రం ఇంటికి అంతా క్షేమమనే ఉత్తరాలు వ్రాస్తూ ఉంటాడు. తుదకు తుపాకి పట్టి కొందరిని చంపి తానూ మరణిస్తాడు. 1991 నవంబరు 1న అయోవా విశ్వవిద్యాలయంలో ఒక చైనా విద్యార్థి అయిదుగురిని చంపి ఆత్మహత్య చేసుకొన్న దారుణం దీనికి ప్రేరణ.

లియు యె నటన మెచ్చదగినది. ఇంటికి వ్రాసే ఆ అబద్ధపు ఉత్తరాలు ప్రేక్షకుని కలవరపెడతాయి. లోపం మరొకచోట ఉన్నది. గురుశిష్యుల వివాదం దేనిని గురించి? కృష్ణద్రవ్యమనే పేరు పెట్టుకొన్న చిత్రం ఆ సంగతిని ప్రేక్షకునికి స్పష్టం చేయదు. 1933లో జ్విక్కీ ఒక గెలాక్సీల గుంపును పరిశీలించి, కంటికి కనబడే ద్రవ్యపు ఆకర్షణ ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదని గ్రహించినాడు. 1970 దశకంలో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ చేసిన పరిశీలనలలో గెలాక్సీల అంచున ఉన్న నక్షత్రాలు కూడా ఊహించినదానికంటే చాలా వేగంగా తిరుగుతున్నట్లు తేలినది. కనబడని ద్రవ్యమేదో ఉండవలెను. ఇంతటి రసవత్తరమైన విషయం చిత్రంలో అలంకారంగా మాత్రమే మిగిలినది.

దీనికంటె పెద్ద లోపం ఇంకొకటి. శాస్త్రంలో వివాదం తేలేది ఎట్లా? చిత్రాన్నిబట్టి చూస్తే, ఆచార్యుని దయాదాక్షిణ్యాలపై. అమెరికాలోని చైనా శాస్త్రజ్ఞుల చరిత్రలోనే దీనికి సమాధానమున్నది. 1940 దశకంలో షికాగోలో చదివిన లీ, యాంగ్ అనే ఇద్దరు 1956లో ఒక ప్రశ్న వేసినారు: ప్రకృతి కుడియెడమలను ఎల్లప్పుడూ సమంగానే చూస్తుందా? పౌలీ వంటి ఉద్దండులు దానిని నమ్మలేదు. చైనా నుండే వచ్చిన శ్రీమతి వూ, కోబాల్టు-60ని అతిశీతల స్థితికి తెచ్చి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి, వెలువడే ఎలక్ట్రాన్లను లెక్కించినది. అవి ఒక దిశలోనే ఎక్కువగా వెలువడినవి. లీ, యాంగ్‌ల సందేహం నిజమైనది. 1957లో వారికి నోబెల్ బహుమతి లభించినది.

అన్యాయమే లేదని దీని అర్థం కాదు. ఆ బహుమతిలో వూకు భాగం దక్కలేదు. విద్యార్థి భవిష్యత్తు ఒక్క ఆచార్యుని చేతిలో ఉండడం ఎంత ప్రమాదకరమో కూడా చిత్రం చూపగలిగి ఉండేది. లీ చొరవతోనే 1979 నుండి 1989 వరకు 900 మందికి పైగా చైనా విద్యార్థులు భౌతికశాస్త్రం చదవడానికి అమెరికా వెళ్ళినారు. పరాయి భాష, ఒంటరితనం, ఇంటివారి ఆశల బరువు వారిలో ఎందరికో ఎదురై ఉండును. అటువంటి కష్టాలు పడినవారందరూ తుపాకి పట్టరు. మరి ఈ ఒక్కడు ఎందుకు పట్టినాడు? చిత్రం ఈ ప్రశ్న వేయదు. తిరస్కారమూ ఆ వెంటనే హత్యా అన్నట్లు కథ ముగిసిపోతుంది. చదువులో దెబ్బతిన్న విద్యార్థికి ఇంతకంటె హానికరమైన పాఠం లేదు.

అయినా తరగతిలో ఈ చిత్రాన్ని గురించి చర్చించవచ్చు. శిష్యుడు తనతో విభేదించినప్పుడు గురువు అడుగవలసినది ‘ఎంత ధైర్యం!’ అని కాదు, ‘ఏదీ నిదర్శనం?’ అని. ఇంటికి క్షేమమని వ్రాసే విద్యార్థి నిజంగా క్షేమంగా ఉన్నాడా అని విచారించడం కూడా గురువు పనియే. ఈ రెండు సంగతులు ఆచార్య రైజర్‌కు తెలిసి ఉంటే కథ మరొక విధంగా నడిచేది.