నల్లమలలో జాడ తీసే చెంచులు

కురిచేడు, మార్కాపురం, గిద్దలూరు మీదుగా సాగే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి చొరబడుతుంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఆ కొండల్లోనే ఉంది. అక్కడి అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో చెంచు వాచర్ల నైపుణ్యమే పెద్ద అండ. 

మెత్తటి దుమ్ములో పులి అడుగు చూడగానే మగదో ఆడదో అంచనా కడతారు: మగపులి అడుగు చదరంగా, ఆడపులిది కాస్త పొడుగ్గా పడుతుంది. అంచులు చెదరకుండా ఉంటే జాడ తాజాది. రాత్రి పురుగులు పాకిన గీతలు దాని మీద కనిపిస్తే, పులి అంతకుముందే దాటిపోయిందన్నమాట. నడకలో పులి గోళ్లు ముడుచుకుంటుంది. ఎలుగు గోళ్లు మాత్రం నేలలో దిగుతాయి.

చెవి పని ఇంకా గొప్పది. దుప్పి ఊరికే బెదిరి అరవవచ్చు. కణితి అదేపనిగా అరిస్తే మాత్రం పులి దగ్గర్లో ఉందని ఆగాల్సిందే.

ఇప్పుడు పులుల లెక్క కెమెరా ట్రాప్‌లతో, చారలను బట్టి సాగుతోంది. రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు కాబట్టి కెమెరాలను దారికి ఇరువైపులా ఎదురెదురుగా, మోకాలెత్తున కడతారు. ఏ వాగు మలుపులో కడితే పులి పడుతుందో తేల్చడానికి మాత్రం ఈ పాత విద్యే కావాలి.