ప్రహ్లాద చరిత్రమున నిష్ఠాస్వరూపము

పోతన భాగవతమున సప్తమస్కంధములోని ప్రహ్లాద చరిత్రము తెలుగువారికి చిరపరిచితమైనది. ఆ పరిచయమువలననే కాబోలు, ఈ బాలునిగూర్చి యొక యాక్షేపము తఱచుగా వినవచ్చుచుండును. విష్ణువు వెన్నంటి కాచుచుండగా ప్రహ్లాదునకు కష్టమేమి? ఏనుగులు త్రొక్కినను, విషము పెట్టినను చావనివానికి ధైర్యముతో పనియేమి? ఈ యాక్షేపము ప్రహ్లాదుని పరీక్షను హింసలయందే వెదకుటవలన కలిగినది. అసలు పరీక్ష యాతని మాటలయందున్నదని మా యభిప్రాయము.

తండ్రి రెండవసారి చదువునుగూర్చి ప్రశ్నించిన ఘట్టమును పరిశీలింతము. గురువులు బోధించిన శాస్త్రములను ప్రహ్లాదుడు నేర్వకపోలేదు. నేర్చితినని తానే చెప్పును. అంతటితో నాగినచో నది యసత్యము కాదు. తండ్రి సంతసించును, చండామర్కులకు నింద తప్పును. కల్లలాడకుండ తప్పించుకొనుటకు ఇంతకంటె సులభమైన త్రోవ లేదు. అయినను ప్రహ్లాదుడు ఆ చదువులలో తాను గ్రహించిన పరమార్థమును దాచక, హరిభక్తిని ప్రస్తావించును. సంఘర్షణ లేదనువారు గమనింపవలసినది ఈ స్థలమే.

తరువాత హింసలు వచ్చును. రాక్షసులు పొడుచుచుండగా బాలుడున్న తీరును వర్ణించు ఉత్పలమాలను పోతన వ్యతిరేక క్రియలతోనే నడపెను. బాలుడు పరుగెత్తడు, చేతులడ్డడు, తల్లుల యింటికి పోడు, తండ్రిని నిందింపడు. ఆతడు చేసినదానిని గాక చేయనిదానిని చెప్పి నిబ్బరమును చూపుట పోతన నేర్పు.

ఇంతకంటె ముఖ్యమైనది కథాక్రమము. ప్రహ్లాదుడు దైత్యబాలురకు తన విశ్వాసమును బోధించుట ఈ హింసల పిమ్మట జరిగినది. మాటకు చెల్లింపవలసిన మూల్యమెంతయో తెలిసిన తరువాత, గురువు ఇంటి పనిమీద పోయిన వేళ, ఆటకు పిలిచిన తోడివారికి ఆతడు నారదునివలన తాను విన్నదానిని చెప్పెను. వారును దానిని గ్రహించిరి. అది విన్న హిరణ్యకశిపుడు, అంతవఱకు భటులచేత చంపింపజూచినవాడు, తన చేతితోనే చంప నిశ్చయించెను. కొడుకొక్కడు హరిభక్తుడగుట తండ్రికి అవమానము. దైత్యకుమారులందఱు నట్లగుట ప్రభువునకు భయకారణము. విశ్వాసము ఒకని హృదయమున నున్నంతకాలము కలుగని తీవ్రద్వేషము, అది పరులకు పంచబడినప్పుడు పుట్టుచున్నది. ఈ లోకస్వభావమును కథాక్రమమే నిరూపించుచున్నది.

అయితే పట్టుదలయే నిష్ఠయైనచో హిరణ్యకశిపుడును నిష్ఠాపరుడే. సోదరుడైన హిరణ్యాక్షుని చావు మఱవక, ఘోరతపమొనర్చి, తుదివఱకు విష్ణుద్వేషమును వీడనివాడాతడు. తండ్రికొడుకులకు పట్టుదల సమానము. భేదము ద్వేషము లేకుండుటయందున్నది. చంపవచ్చిన తండ్రికి సైతము, లోకములను గెలిచితివిగాని ఇంద్రియములను గెలువలేదని ప్రహ్లాదుడు హితము చెప్పును. ఆ తండ్రి హతుడైన పిమ్మట నృసింహుని వేడి, ఆతడు పాపవిముక్తుడగునట్లు వరము కోరును. తన విశ్వాసమును పంచుకొన నిరాకరించినవానిని గూడ తనవానిగానే యెంచుట ఇది. ప్రహ్లాదుని ధైర్యమునకు ప్రమాణము స్తంభమునుండి వెడలిన నృసింహుడు గాక, ఈ తుది కోరికయే యని మేము తలంచుచున్నాము.