రెండు తెరలు, ఒక మెడ

ఇంట్లో కంప్యూటర్‌కి రెండు మానిటర్లున్నాయని తెలియగానే ‘ఒకేసారి రెండు పనులు చేస్తారా?’ అని అడుగుతారు. చేయను. నాది ప్రూఫులు దిద్దే పని. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చాక, వాటిని మూలంతో పోల్చి చూడాలి. పాత ఫాంట్లలో పైకి కనిపించే తెలుగక్షరం వెనక కంప్యూటర్ దాచుకున్నది ఏ ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. మార్పిడి సాఫ్ట్‌వేర్ దాన్ని చాలావరకు సరిగ్గానే విప్పుతుంది. కానీ ఎక్కడో ఒక వత్తు జారిపోతుంది, ఒక దీర్ఘం ఎగిరిపోతుంది.

ఒకే తెర మీద ఆల్ట్-ట్యాబ్ కొడుతూ కూడా ఈ పని చేయొచ్చు. అయితే మూలం తప్పుకొని కొత్త ప్రతి ముందుకొచ్చే ఆ కాస్త వ్యవధిలో వాక్యాన్ని మనసులో పట్టుకోవాలి. ప్రూఫ్‌రీడర్‌కి పేచీ అంతా ఆ మనసుతోనే. అక్కడున్నది వదిలేసి, ఉండాల్సింది చదివేస్తుంది. నా జ్ఞాపకాన్ని నేను నమ్మనక్కర్లేకుండా చేసేదే రెండో తెర.

సీసపు అక్షరాల రోజుల్లో ప్రెస్సుల్లో ఈ పనికి ఇద్దరు కూర్చునేవారు. కాపీ హోల్డర్ రాతప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, ప్రూఫ్‌రీడర్ గ్యాలీ మీంచి చూపు తిప్పకుండా దిద్దుకుపోయేవాడు. ఆ చదివే మనిషి కుర్చీలో ఇప్పుడు నా ఎడమ తెర ఉంది. దానికి నోరు లేదు. చెవి చేసిన పని కూడా కంటి మీదే పడింది. కాబట్టి దాన్ని ఎక్కడ, ఎలా నిలబెట్టామన్నదే అసలు సంగతి.

వైర్లు తగిలించడం పెద్ద విద్యేం కాదు. డెస్క్‌టాప్ వెనక మదర్‌బోర్డు పోర్టులు ఒకచోట, గ్రాఫిక్స్ కార్డు పోర్టులు ఇంకోచోట ఉంటాయి. కార్డు ఉంటే రెండు మానిటర్లనూ దానికే కలపాలి. పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉందా? 1987 నాటి ఆ పద్ధతి అనలాగ్, ఇప్పటి కార్డులు పంపేది డిజిటల్. ఉత్త కేబుల్ సరిపోదు, సిగ్నల్‌ని మార్చే కన్వర్టర్ కావాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట అడిగితే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే బయటి తెరలు ఎన్నింటికి ఒప్పుకుంటుందో కొనేముందే చూసుకోవాలి. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఒక్కదానికే ఒప్పుకుంటుంది.

తర్వాత విండోస్ మీట, ‘పి’ కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే చాలు. డెస్క్‌టాప్‌ని రెండు తెరల మీదికీ చాచే సౌకర్యం విండోస్ 98 నాటి నుంచీ ఉన్నదే. ఇక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అంకెలతో రెండు పెట్టెలు కనిపిస్తాయి. బల్ల మీద తెరలు ఎలా ఉన్నాయో ఆ పెట్టెల్నీ అలాగే జరపాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే మౌస్ బాణం అంచు దగ్గర ఆగిపోతుంది.

అసలు సర్దుబాటు ఇక్కణ్నుంచి మొదలవుతుంది. రెండు తెరల మీదా అక్షరం ఒకే సైజులో కనిపించాలి. ఒకదాని స్కేల్ 100 శాతం, రెండోదానిది 125 ఉంటే పంక్తి మారిన ప్రతిసారీ కన్ను కొత్తగా కుదురుకోవాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 పిక్సెళ్లే ఉంటాయి. ‘స్త్ర’ లాంటి అక్షరం కింద వత్తులు విడివిడిగా తెలియాలంటే పేజీని పెద్దది చేయక తప్పదు. వెలుతురూ సమానంగా ఉండాలి. తెరను నిలువుగా తిప్పితే పేజీ మొత్తం కనిపిస్తుందని కొందరు తిప్పుతారు. కానీ పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉన్నాయన్న లెక్క మీదే విండోస్‌లోని క్లియర్‌టైప్ అక్షరాల అంచుల్ని నునుపు చేస్తుంది. తెర తిరిగితే ఆ లెక్క తప్పి అక్షరం మసకబారుతుంది. పైగా నాకు కావాల్సింది పేజీ కాదు, పంక్తి.

చివరి మాట మెడది. ఒక తెర మీదే ఎక్కువ పని చేసేవారు దాన్ని ఎదురుగా, రెండోదాన్ని పక్కకు కాస్త ఏటవాలుగా పెట్టుకోవాలి. నాలాగా రెండూ సమంగా చూసేవారికి రెండు తెరలు కలిసే అంచు ముక్కుకి సూటిగా ఉండాలి. పై అంచు కంటి ఎత్తుకి మించకూడదు. దూరం చాచిన చేయంత. స్టాండు పొట్టిదైతే మానిటర్ వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంతో నాలుగు మర రంధ్రాలున్నాయేమో చూడండి. ఉంటే ఏ కంపెనీ ఆర్మ్ అయినా అమరుతుంది.

ఇంత సర్దాక ఎడమ తెర మీద వాట్సాప్ తెరిస్తే ఈ శ్రమంతా దండగ. అక్కడ మూలం తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఈ కాలమ్ రాసేటప్పుడైతే దాన్ని ఆపేస్తాను. నేను రాసుకునేదానికి మూలప్రతి లేదు, పక్కచూపులతో పనీ లేదు. ‘మూడోది ఎప్పుడు కొంటారు?’ అని ఈమధ్య ఒక మిత్రుడు అడిగాడు. తాళపత్రాల పాఠాంతరాలు పోల్చే పండితులకు మూడు కాదు, నాలుగున్నా పని ఉంటుంది. నా బల్ల మీదికి వచ్చేవి రెండు ప్రతులే.