బుద్ధిమంతుల సెక్షన్

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే కోర్టు దేశంలోని విద్యాసంస్థలకు పదిహేను మార్గదర్శకాలు రాసింది. వాటిలో ఒకటి, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని. అయితే ఆ వాక్యంలో ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట కూడా ఉంది. మన దగ్గర సర్కారు కాగితంలో ఆ మాట పడ్డదంటే ఇక ఆ పని కాదని అర్థం.

ఇది కోచింగ్ సెంటర్ల గొడవే కదా, మనకేం సంబంధం అనుకునేవాళ్లుంటారు. జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో బస్సు దిగి ఫ్లెక్సీలు చూడండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని రాసి ఉంటుంది. ఆ బ్యాచ్‌కు ఎంపిక కాని పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఏ ఫ్లెక్సీ మీదా రాయరు. సెక్షన్లకు పూల పేర్లు పెట్టినా, నదుల పేర్లు పెట్టినా, ఏది తెలివైన వాళ్లదో ఏది మొద్దులదో వారం తిరక్కుండానే పిల్లలకు తెలిసిపోతుంది.

అసలు ఈ విభజనకు మూలం మన మాటల్లోనే ఉంది. తెలుగులో ‘బుద్ధి’ అంటే తెలివి. ‘బుద్ధిగా ఉండు’ అంటే మాత్రం నడవడి. ఒకే మాట రెండు తీర్పులు చెబుతుంది. అందుకే లెక్క రానివాడు బుద్ధిలేనివాడవుతాడు. ఎదురు ప్రశ్న వేసినవాడికి ‘బుద్ధి చెప్పాల్సి’ వస్తుంది. ఉర్దూ కూడా ఇందులో ఏం తీసిపోలేదు. ‘షరీఫ్ బచ్చా’ అంటే నెమ్మదస్తుడైన పిల్లవాడు. ఆ షరీఫ్‌కు బహువచనమే అష్రాఫ్. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్. పుట్టుకలో పైవాడే నడతలోనూ మంచివాడని ఆ మాటే తేల్చేసింది. ‘కమీనా’ మనకు తిట్టు. ఉత్తరాదిలో ఊరికి చాకిరీ చేసే చేతివృత్తుల కులాలను ‘కమీన్’ అనే పిలిచారు. దూదేకుల పిల్లవాడి ఉర్దూ విని మన ఇళ్లలో నవ్వుకోలేదా? కాబట్టి సెక్షన్లు పెట్టడం హెడ్మాస్టర్లు ఒక్కరే నేర్చిన విద్య కాదు.

జూన్‌లో పెట్టే ఆ పరీక్ష అసలు దేన్ని కొలుస్తుంది? మా పిల్లలకు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మానుకోట చుట్టూ తండాల పిల్లలకు ఇంట్లో గోర్‌బోలి. తమకంటూ లిపి లేని ఆ భాషలోంచి వచ్చి వాళ్లు మూడు లిపుల ముందు నిలబడతారు. భూపాలపల్లిలో గని పర్మినెంట్ ఉద్యోగి బిడ్డకూ కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకూ ఒకటే పేపరు. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. వద్దనడానికి నేనెవర్ని? ఉన్నోళ్ల పిల్లలు చదివేదే మన పిల్లలూ చదవాలి. కానీ ప్రశ్న అడిగిన భాష అర్థమయ్యేలోపే గంట కొడితే, ఆ ఆలస్యానికి ‘డల్’ అని పేరు పెట్టడం ఏం న్యాయం?

సాయిబుల పిల్లగాడైతే దీనికి నడవడి కూడా తోడవుతుంది. పక్కవాడితో ఉర్దూలో గుసగుసలాడితే ‘ఏందిరా ఆ తురకం?’ అంటారు. తెలుగులో ఆడే గుసగుస అల్లరి కింద పోతుంది, ఉర్దూలో ఆడేది కుట్ర కింద పోతుంది. జుమ్మా నమాజుకు పోయి ఆలస్యంగా వస్తే క్రమశిక్షణ లేదంటారు. తక్కువ మార్కులకైతే ట్యూషన్ పెట్టించొచ్చు. ‘లొల్లి పిలగాడు’ అన్న పేరు పోగొట్టే ట్యూషన్ ఎక్కడ దొరుకుతుంది?

పేరు పెట్టడం వల్ల ఏమవుతుందో ఊహించనక్కర లేదు. ప్రపంచ బ్యాంకు తరఫున కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం 2004లో వెలువడింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. ఎవరి కులం ఏదో బయటికి చెప్పనప్పుడు దళిత పిల్లలూ పైకులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివి పరీక్ష పెడితే దళిత పిల్లలు వెనకబడ్డారు. గంట కింద ఉన్న తెలివి ఒక్క పిలుపుతో ఎటు పోయింది?

2024లో వచ్చిన ‘35 – చిన్న కథ కాదు’ సినిమాలో లెక్కల మాస్టారు పిల్లల్ని మార్కులతోనే పిలుస్తాడు. కథలోని పిల్లవాడి పేరు ‘జీరో’ అయిపోతుంది. మంచి సినిమా, మాస్టారి క్రూరత్వాన్ని దాచలేదు. నా పేచీ పరిష్కారంతోనే. చదువు ఆగిపోయిన తల్లి మళ్లీ లెక్కలు నేర్చుకుని కొడుక్కి చెబుతుంది. బడి చేసిన గాయానికి ఇల్లు మందు రాస్తుంది. ఆ ఇంట్లో తల్లి భాషా బడి భాషా ఒక్కటే కనుక అది కుదిరింది. రెండు భాషల అవతల నిలబడి, పొద్దంతా కుట్టుమిషన్ తొక్కే అమ్మీ ఏ పుస్తకం తెరవాలి? ఆ ప్రశ్న సినిమాకు తట్టలేదు.

ఇంత చెప్పాక, ఎదుటివాదాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. ఎస్తేర్ డఫ్లో, పాస్కలిన్ డూపా, మైకేల్ క్రెమర్ 2005లో కెన్యాలో 121 ప్రాథమిక బడుల్లో అధ్యయనం మొదలుపెట్టారు. సగం బడుల్లో మార్కులను బట్టి సెక్షన్లు చేశారు. అక్కడ పై సెక్షన్ పిల్లలూ బాగుపడ్డారు, కింది సెక్షన్ పిల్లలూ బాగుపడ్డారు. సెక్షన్లను సమర్థించేవాళ్లు చూపించే రుజువు ఇదే. కానీ ఆ బడుల్లో ఏ సెక్షన్‌కు ఏ టీచర్ అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. ఆ ముక్క మాత్రం మనవాళ్లు చెప్పరు. మన దగ్గర అనుభవం ఉన్న సారు ‘ఏ’కు పోతాడు. కొత్తగా చేరి, సగం జీతానికి పనిచేసే వలంటీరు ‘సీ’కి వస్తాడు. తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదవడం, లెక్కలు నేర్పడానికి 2022లో ‘తొలిమెట్టు’ మొదలైంది. చదవలేని పిల్లల్ని గంటసేపు ఒక దగ్గర కూర్చోబెట్టి చెప్పడాన్ని నేను తప్పుపట్టను. ఆ గంట అయిపోయాక వాళ్లు తిరిగి తమ క్లాసులో, తమ దోస్తుల పక్కన కూర్చోవాలి. వైద్యం కోసం వేసిన మంచం సంవత్సరమంతా వార్డు అయిపోతే ఎట్లా?

2006లో సచార్ కమిటీ లెక్క ప్రకారం 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. ‘మానేశారు’ అన్న క్రియ నాకు మింగుడుపడదు. కర్త పిల్లవాడే అయినట్టు వినిపిస్తుంది. మూడేళ్లు ‘సీ’లో కూర్చోబెట్టి, తప్పు చేయకముందే తప్పు మోపి, మెకానిక్ షెడ్డు దాకా సాగనంపితే, దాన్ని మానేయడం అనాలా, మాన్పించడం అనాలా?

2024 నుంచి సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. వాటిల్లో ఉన్న అక్కలు, ఖాలాలు హెడ్మాస్టర్ గదిలో టైంటేబుల్ అడిగి చూడాలి. చివరి సెక్షన్‌కు మొదటి పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారో అందులో రాసి ఉంటుంది.