ఒక అక్షరానికి మూడున్నర నిమిషాలు

మోర్స్‌లో ‘ఆర్’ అంటే చుక్క, గీత, చుక్క. ‘అందింది’ అని చెప్పడానికి హామ్‌లకు, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లకు, ఆ ఒక్క అక్షరం చాలు. చేయి తిరిగిన ఆపరేటర్ దాన్ని అర సెకనులో కొట్టేస్తాడు. 136 కిలోహెర్ట్జ్ మీద మాత్రం అదే అక్షరానికి మూడున్నర నిమిషాలు పట్టడం మామూలే: చుక్క 30 సెకన్లు, గీత 90, వాటి మధ్య ఖాళీలు చెరో 30. చెవికేమీ వినిపించదు. కంప్యూటర్ తెర మీద, చుట్టూ ముసిరిన రొద మధ్య, సన్నని వెలుగు గీత ఒకటి పాకుతుంది. ఆ గీత కోసం అర్ధరాత్రి దాకా కళ్లు కాయలు కాసేలా కూర్చునేవాళ్లున్నారు.

బ్రిటన్‌లో 1996లో ప్రత్యేక అనుమతులతో 73 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలైన ప్రయోగాలు 1998లో 136కి చేరాయి. 2007లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు హామ్‌లకు 135.7 నుంచి 137.8 వరకు కేటాయించింది. మొత్తం కలిపితే 2.1 కిలోహెర్ట్జ్. మామూలు మాటల సంభాషణ ఒక్కటి కూడా అందులో ఇమడదు. పైగా ప్రసార శక్తి 1 వాట్ దాటకూడదు.

ఆ 1 వాట్‌నైనా పెరటి తీగలోంచి బయటికి తేవడమే అసలు విద్య. తరంగం పొడవు 2,200 మీటర్లు. నిలువు తీగ చక్కగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు, అంటే 550 మీటర్లు ఉండాలి. స్వీడన్‌లోని గ్రిమెటన్ రేడియో కేంద్రానికి 1920లలో 127 మీటర్ల టవర్లు ఆరు కట్టింది అందుకే. 2024లో వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగిన నౌకాదళ రేడియో కేంద్రానికి వేల ఎకరాలు కావాల్సి రావడానికీ కారణం ఇలాంటి పొడవాటి తరంగాలే. హామ్‌కి ఉన్నదల్లా 12 మీటర్ల గడ, దాని మీంచి లాగిన 50 మీటర్ల తీగ. అందులోకి 190 వాట్లు పంపితే ఆకాశానికి చేరేది సుమారు వెయ్యో వంతు. మిగతాది చాలావరకు నేలలో వేడిగా ఇంకిపోతుంది. అందుకే పెరడంతా రాగి కడ్డీలు పాతుతారు, తీగలు పరుస్తారు. ఎర్త్ నిరోధం ఒక్క ఓమ్ తగ్గినా పండగే!

పొట్టి తీగని దారికి తెచ్చేది లోడింగ్ కాయిల్. ప్లాస్టిక్ డ్రమ్ము మీద వందల చుట్లు చుడతారు. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. పైన చెప్పిన తీగలో 2 ఆంపియర్లు పారితే కాయిల్ పైకొన దగ్గర 7,000 వోల్టులు దాటతాయి. తాకితే చర్మం లోపలిదాకా కాలుతుంది. తడిసిన ఇన్సులేటర్ మీదుగా నిప్పురవ్వలు లేస్తాయి, కొయ్య గడ బొగ్గయిపోవచ్చు. చీకట్లో తీగ కొసన నీలి వెలుగు కనిపిస్తే చూడటానికి అందంగానే ఉంటుంది, కానీ వెంటనే స్విచ్ ఆపాల్సిన సూచన అది. పిల్లలు తిరిగే పెరట్లో కాయిల్ చుట్టూ కంచె లేకుండా ఈ ప్రయోగం చేయడం క్షమించరానిది. ఉరుము వినపడితే తీగని రేడియో నుంచి విడదీసి ఎర్త్‌కి కలపాల్సిందే.

ఇరుగుపొరుగు ఇళ్ల ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు వెదజల్లే రొద ఇంకో తలనొప్పి. విద్యుత్ సంస్థలూ హైటెన్షన్ తీగల మీద తమ రక్షణ సంకేతాలను ఈ పౌనఃపున్యాల దగ్గరే నడుపుతాయి. అందుకే అమెరికా 2017లో ఈ బ్యాండ్‌ని హామ్‌లకు తెరిచినప్పుడు, స్టేషన్ ఎక్కడ పెడుతున్నారో ముందే తెలియజేయాలని షరతు పెట్టింది.

గాలికి తీగ ఊగినా, వాన పడినా ట్యూనింగ్ తప్పుతుంది. కాయిల్ లోపల చిన్న కాయిల్ తిరిగే వేరియోమీటర్‌ని కొందరు ఇంట్లోంచే మోటారుతో సవరిస్తారు. తెల్లవారుజామున అట్లాంటిక్ అవతలి నుంచి ‘ఆర్’ వస్తూ, చివరి చుక్క తెర మీద సాగుతూ ఉంటుంది. అది సగంలో ఉండగా అవతలి తీరంలో గాలి లేచిందంటే గీత మసకబారి రొదలో కలిసిపోతుంది. ఇక మళ్లీ మొదటి నుంచి ఎదురుచూపే.