వద్దంటే క్రియ మారాల్సిందే

స్పానిష్ నేర్చుకునే మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు పుస్తకాలే పట్టుకుంటారు. 'ఈ పని చెయ్యకు' అని చెప్పే పాఠం దగ్గర ఆ పుస్తకాలు మనకు లేని కష్టాన్ని తెచ్చిపెడతాయి. ఇంగ్లీషులో క్రియ ఉన్నదున్నట్టే ఉంటుంది, ముందు 'డోంట్' చేరుతుంది. స్పానిష్‌లో అలా కుదరదు. మనకు మాత్రం ఇది పుట్టుకతో వచ్చిన అలవాటే. 'చెప్పు'కు ఎదురు 'చెప్పకు', పెద్దవాళ్లతో అయితే 'చెప్పకండి'. మాట చివరే మారిపోతుంది. తెలుగు వైపు నుంచి వెళితే ఈ పాఠం సగం వచ్చినట్టే.

అబ్లార్ అంటే మాట్లాడటం. స్నేహితుడితో 'మాట్లాడు' అనాలంటే 'ఆబ్ల'. 'మాట్లాడకు' అనాలంటే 'నో ఆబ్ల' తప్పు, 'నో ఆబ్లెస్' అనాలి. కొమేర్, అంటే తినడం: 'కోమె' తిను, 'నో కోమస్' తినకు. రాయడానికి ఎస్క్రిబీర్: 'ఎస్క్రీబె', 'నో ఎస్క్రీబస్'. పద్ధతి తేలిక. 'నేను' రూపం తీసుకోవాలి: ఆబ్లో, కోమో, ఎస్క్రీబో. చివరి 'ఓ' తీసేసి, ఆర్ క్రియలకు 'ఎస్', ఏర్, ఈర్ క్రియలకు 'అస్' చేర్చాలి. అంటే అచ్చులు తారుమారవుతాయి. క్రియలను ఇలా మూడు రకాలుగా 1492లో సలామాంకాలో అచ్చయిన తన వ్యాకరణంలోనే ఆంటోనియో దె నెబ్రిహా విడదీసి చూపాడు.

ఈ తారుమారు లాటిన్ నుంచి వచ్చిన ఆస్తి. దీన్ని సబ్‌జంక్టివ్ అంటారు. జరిగిన సంగతిని చెప్పడానికి కాక, జరగాలనో జరగకూడదనో కోరుకునేటప్పుడు, సందేహించేటప్పుడు వాడే రూపమిది. వద్దన్న పని ఇంకా కోరికలోనే ఉంది కాబట్టి క్రియ ఈ రూపంలోకి రావడం ఎంతో సబబు. గౌరవవాచకంలో ఆజ్ఞ కూడా సబ్‌జంక్టివే. అందుకే 'మాట్లాడండి'కి 'ఆబ్లె', 'మాట్లాడకండి'కి 'నో ఆబ్లె'; అక్కడ 'నో' ఒక్కటి చేరిస్తే చాలు. ఎక్కువమందితో అయితే 'నో ఆబ్లెన్'. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో 'నో ఆబ్లేయిస్' అంటారు.

సర్వనామాల చోటు కూడా మారుతుంది. 'దాన్ని తిను' అంటే 'కోమెలో'. 'లో' క్రియకు అతుక్కునే ఉంటుంది. వద్దనగానే అది ఊడి ముందుకొస్తుంది: 'నో లో కోమస్'. రాతలో ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. తొకార్, అంటే ముట్టుకోవడం, 'నో తోకెస్' అవుతుంది. 'క' శబ్దం నిలవాలి కాబట్టి 'సి' అక్షరం పోయి 'క్యూ, యు' వస్తాయి. క్రియ గాడి తప్పలేదు, మారింది అక్షరక్రమమే.

పార్కుల్లో గడ్డి తొక్కొద్దని పెట్టే బోర్డు మీద 'నో పిసార్ ఎల్ సేస్పెద్' అని క్రియ మూలరూపమే కనిపిస్తుంది. అది ఎవరినీ ఉద్దేశించి చెప్పింది కాదు. ఎదుట మనిషి ఉంటే మాత్రం ఈ మార్పులన్నీ అవసరమే, అదీ గద్దించడానికే కాదు. ఏడ్చే పిల్లను 'నో యోరెస్' అని ఊరడించినా, కంగారుపడే స్నేహితుడికి 'నో తె ప్రెఓకూపెస్' అని ధైర్యం చెప్పినా రూపం ఇదే. అందుకే దీన్ని నిషేధాల పాఠంగా కాక ఓదార్పుల పాఠంగా మొదలుపెడితే బాగుంటుందనిపిస్తుంది నాకు. పిల్లలు నోరారా పలికే మాటలు అవే.